ఉద్యోగి తప్పుకు ప్రభుత్వం బాధ్యత వహించాలా?

హిజ్రీ 8లో, మక్కా విజయం తర్వాత, హజ్రత్ ఖాలిద్ (రజి) దళం బనూ జజీమా తెగవారిలో కొందరిని పొరపాటుగా చంపింది. ఖాలిద్ చేసిన దానితో తనకు సంబంధం లేదని దైవప్రవక్త (స) అల్లాహ్‌కు విన్నవించుకున్నారు. అంతటితో ఆగలేదు. హజ్రత్ అలీ (రజి)ని పంపి హతుల వారసులకు రక్తపరిహారం (దియత్) చెల్లింపజేశారు.

మరి మన దేశ న్యాయస్థానాలు ఏమన్నాయి? ‘ఇది సార్వభౌమాధికారంతో చేసిన పని, మాపై దావా చెల్లదు’ అన్నది ప్రభుత్వాల పాత వాదన. 1964లో కస్తూరిలాల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని అంగీకరించింది. మీరట్ పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే కాజేసి పరారైనా, వర్తకునికి పరిహారం దక్కలేదు. వినడానికే విడ్డూరం!

ప్రాణం పోయినప్పుడూ అదే సూత్రమా? 1977 మే 6 తెల్లవారుజామున, కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలులో నిందితులుగా ఉన్న తండ్రీకొడుకులపై దుండగులు బాంబులు విసిరారు. తండ్రి మరణించాడు, కొడుకు గాయపడ్డాడు. తమకు ప్రాణభయం ఉందని వారు ముందే చెప్పినా తగిన కాపలా పెట్టలేదు. గడువు దాటిందని కింది కోర్టు దావాను కొట్టివేసింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాత్రం 1,44,000 రూపాయలు, వడ్డీతో సహా ఇవ్వాలంది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.

2000 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయం చేసింది. ఖైదీ అయినా మనిషి మనిషే, జీవించే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చినది, దాని ముందు సార్వభౌమాధికార రక్షణ నిలవదు అంది. కస్తూరిలాల్ తీర్పు రద్దు కాలేదు గాని బలం కోల్పోయింది. అందువల్ల ఇలాంటి దావా వేసేవారు ఏ ప్రాథమిక హక్కుకు భంగం కలిగిందో ముందుగా స్పష్టం చేయాలి.