స్కానరు చేతికొస్తే మెకానిక్ అయిపోరు

ఖరగ్‌పూర్ గోల్‌బజార్ తెలుగు ఇళ్లలో పదో తరగతి పాసైన కుర్రాడి ముందు సాధారణంగా రెండే దారులు పెడతారు. మార్కులు బాగుంటే ఐఐటీ కోచింగ్, లేకుంటే రైల్వే కోచింగ్. మూడో దారి ఎత్తితే చాలు, "కారు కింద దూరే పని మా వాడికెందుకండీ?" అంటారు. ఆ మాట అనేవారిలో ఎంతమంది తాతలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఖరగ్‌పూర్ వచ్చి, వర్క్‌షాపులో ఇంజిన్ల కింద దూరే ఇల్లు నిలబెట్టారో ఒకసారి లెక్క వేసుకోండి.

రైల్వే కొలువు మీద నాకు చిన్నచూపు లేదు. కానీ 2019లో లెవెల్-1 ఉద్యోగాలు 1,03,769 ప్రకటిస్తే దరఖాస్తులు సుమారు 1.15 కోట్లు వచ్చాయి. ఒక్కో పోస్టుకు వంద మంది పైనే. పరీక్షలు మొదలైంది 2022 ఆగస్టులో. కరోనా ఒక కారణమే, అయినా పిల్లల వయసు ఎవరి కోసమూ ఆగలేదు. ఆ మూడేళ్లూ కోచింగ్ గదిలో కూర్చున్న కుర్రాడికి చేతిలో పనీ లేదు, చెప్పుకోవడానికి అనుభవమూ లేదు.

అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. ఇరవై మూడేళ్లు దాటిన కొడుకును చూసి తల్లిదండ్రులకు కంగారు పుడుతుంది. "నలభై ఐదు రోజుల్లో కార్ డయాగ్నొస్టిక్స్ నిపుణుడు" అనే బోర్డు కనిపించగానే అప్పుచేసి ఫీజు కడతారు. వాళ్ల లెక్క ఒకటే: ఇప్పుడు కారంతా కంప్యూటరే, స్కానరు వైరు తగిలిస్తే తప్పెక్కడో అదే చెబుతుంది. నిన్నటిదాకా చిన్నతనంగా తోచిన పనిని ఇవాళ నెలన్నరలో కొనుక్కోవచ్చు అనుకోవడమే నాకు మింగుడుపడనిది.

స్కానరు ఎంతవరకు చెబుతుందో ఒక చిన్న లోపంతో చూద్దాం. డ్యాష్‌బోర్డు మీద గుర్రపు లాడం ఆకారంలో, మధ్యలో ఆశ్చర్యార్థకంతో పసుపు దీపం వెలుగుతుంది. అది టైర్లలో గాలిని కనిపెట్టే వ్యవస్థ, టీపీఎంఎస్. ఫైర్‌స్టోన్ టైర్ల ప్రమాదాల తర్వాత అమెరికా 2000లో చట్టం తెచ్చి, 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ దాన్ని తప్పనిసరి చేసింది. మన దేశంలో 2020లో మార్చిన నిబంధనల ప్రకారం ట్యూబ్‌లెస్ టైర్లు, పంచరు కిట్టుతో పాటు ఈ వ్యవస్థ ఉన్న కారుకు స్టెప్నీ లేకున్నా చెల్లుతుంది. కాబట్టి ఈ దీపంతో షెడ్డుకొచ్చే కార్లు పెరుగుతాయి.

దీపం నిలకడగా వెలిగితే ఏదో టైరులో గాలి తగ్గిందని అర్థం. చాలా కార్లలో అది నిమిషం, నిమిషంన్నర మిణుకుమని తర్వాత నిలబడితే లోపం వ్యవస్థలోనే ఉందని అర్థం. పని తెలిసినవాడు ముందు స్కానరు ముట్టుకోడు, గేజి తీస్తాడు. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూస్తాడు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడితే సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుందని తెలుసు కనుక, డిసెంబరు ఉదయం వెలిగి మధ్యాహ్నానికి ఆరిపోయే దీపానికి సెన్సరు అమ్మడు.

తర్వాత ఓనరును అడుగుతాడు: ఈమధ్య స్టెప్నీ వేశారా? పంచరుకు సీలెంటు పోయించారా? టైర్లు అటూ ఇటూ మార్చారా? ఈ చివరి ప్రశ్నలోనే కిటుకుంది. చక్రాల చోట్లు మారినా కారుకు వాటి కొత్త చోటు నేర్పించకపోతే, "ఎడమ వెనక సెన్సరు పలకడం లేదు" అని స్కానరు చెప్పేటప్పటికి ఆ సెన్సరు కుడి ముందు చక్రంలో ఉండొచ్చు. స్కానరును నమ్మినవాడు మంచి సెన్సరు ఊడదీసి కొత్తది బిగిస్తాడు. బిల్లు కట్టాక కూడా దీపం ఆరదు.

కొన్ని కార్లలో చక్రంలో సెన్సరే ఉండదు. గాలి తగ్గిన టైరు కాస్త వేగంగా తిరుగుతుంది కనుక ఏబీఎస్ సెన్సర్ల ద్వారా కారు లెక్క కడుతుంది. అక్కడ గాలి సరిచేసి రీసెట్ చేస్తే చాలు. సెన్సరున్న వాటిలో బ్యాటరీ లోపలే సీలై, ఐదు నుంచి పదేళ్లు వస్తుంది. అల్యూమినియం వాల్వులో నికెల్ పూత లేని ఇత్తడి కోరు వేస్తే తడికి రెండూ తుప్పుపట్టి అతుక్కుపోతాయి. ఇవన్నీ పది చక్రాలు విప్పి చూసినవాడికే పట్టుబడతాయి.

అందుకే నా ఓటు ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడుకు. పదో తరగతి పాసై ఉండాలి, రెండేళ్ల కోర్సు. ఆ తర్వాత ఏదైనా కంపెనీ సర్వీస్ సెంటర్లో అప్రెంటిస్. చదువు కొనసాగించాలంటే ఐటీఐతో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో నేరుగా చేరే దారి బెంగాల్లో ఉంది. రైల్వే మీద ఆశ చావనివారికి ఒక మాట: అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్లలో ఒప్పుకునే ట్రేడుల్లో ఇదీ ఒకటి. ఆ తలుపు మూసుకుపోదు.

ఇంకా చిన్న కోర్సుకే డబ్బు కడతామంటే ముందు ఇవి అడగండి. శిక్షణ షెడ్డులో కార్లెన్ని? పిల్లాడు చేత్తో విప్పుతాడా, తెర మీద చూస్తాడా? ఫీజులో ఇచ్చే స్కానరు ఇంజిన్ కోడ్లే చదువుతుందా, టైరు సెన్సర్లను కూడానా? చవక స్కానర్లు చాలావరకు మొదటిదే చేస్తాయి. ఉద్యోగం గ్యారంటీ అన్నవారిని ఆ ముక్క కాగితం మీద రాసిమ్మనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా పెట్టకండి. ఎలక్ట్రిక్ కార్ల కోర్సుల హడావిడికీ నా జవాబు ఇదే. వాటికీ నాలుగు టైర్లే, నాలుగు వాల్వులే.

కోచింగ్‌కు దాచిన డబ్బులో కొంత మల్టీమీటరుకు, సర్వీస్ మాన్యువల్ చదవగలిగే ఇంగ్లిష్‌కు ఖర్చుపెట్టండి. గోల్‌బజార్ పిల్లలకు మిగతా భాషలు ఎలాగూ ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో బంగ్లా, హిందీ. కోల్‌కతా నుంచి విశాఖ మీదుగా చెన్నై వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి పక్కనే ఉంది. ఆ దారిన వచ్చే ఓనరు చెప్పేది అతని భాషలో వినగలవాడికి లోపం సగం దొరికినట్లే.

ఈ దారిలో మొదట్లో డబ్బు తక్కువ, ఒళ్లు అలుస్తుంది. కొన్ని షెడ్లలో అప్రెంటిస్ చేత టీలే తెప్పిస్తారు. ఆరు నెలలైనా అదే పనైతే షెడ్డు మార్చండి, పని మార్చకండి.

పిల్లాడి మీద మాత్రం ఏదీ రుద్దకండి. ఈ సెలవుల్లో తెలిసిన షెడ్డుకు పంపి, పని చూసి రమ్మనండి. దీపం ఎందుకు వెలిగిందో తేల్చుకోవాలన్న పట్టుదల వాడిలో కనిపిస్తే ఐటీఐ ఫారం తెచ్చుకోండి. కనిపించకపోతే ఈ పనీ వద్దు. అదే కొలబద్దను రైల్వే కోచింగ్‌కూ పెట్టండి.