ట్రాలీ లాగునపుడు డీజిలు వ్యయము: రైతులు తెలిసికొనదగిన లెక్క



కోతలు ముగిసి ధాన్యమును మార్కెట్టునకు చేర్చు దినములలో మన సొమ్మును హరించు వ్యయములలో డీజిలు ముఖ్యమైనది. విత్తనములకు, ఎరువులకు లెక్క వ్రాయు రైతు సైతము డీజిలునకు లెక్క వ్రాయుట అరుదు. ట్రాక్టరు గలవారికే గాక బాడుగకు తెచ్చుకొను చిన్న రైతునకును ఈ లెక్క యవసరము. అడిగిన బాడుగ న్యాయమా కాదా యని తేల్చునది యిదియే.

హైదరాబాదులో గాంధీనగరు చెంత ఆర్టీసీ క్రాస్ రోడ్సు అను కూడలి కలదు. ఆ పేరునకు కారణమైన బస్సు సంస్థ 1932లో నిజాము రాష్ట్ర రైల్వేశాఖ క్రింద 27 బస్సులతో ఆరంభమైనది. లీటరు డీజిలునకు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడచెనో ఆర్టీసీవారు లెక్కించుచుందురు. దినమునకు 300 కిలోమీటర్లు తిరుగు బస్సు లీటరుకు 5 కిలోమీటర్లు నడచిన 60 లీటర్లు చాలును. నాలుగున్నర మాత్రమే నడచిన దాదాపు 67 లీటర్లు పట్టును. అర కిలోమీటరు భేదమే దినమునకు 7 లీటర్ల నష్టము. ఇట్టి లెక్క మనకేల కూడదు?

బాట చేయు భేదము

ట్రాలీయు సరకును కలిసి 6 టన్నులనుకొందము. మంచి తారుబాటపై దానిని కదలించి నడిపించుటకు సుమారు 90 కిలోల లాగు చాలును. మట్టిబాటపై 300 కిలోలు కావలయును. తడిసిన నల్లరేగడిలో నింకను హెచ్చు. ఇరువది అడుగులకొక అడుగు లేచు ఎత్తుపై మరి 300 కిలోలు చేరును. బురదలో ఎడ్లు రొప్పుటను మనమెరుగుదుము. యంత్రము రొప్పుట మన కంటబడదు, డీజిలు తొట్టిలో తెలియును.

గాలి చేయు భేదము

అమెరికాలో కొందరు డీజిలు ట్రక్కుల వెనుక ఇంటివంటి పెద్ద బండిని తగిలించుకొని గంటకు 100 కిలోమీటర్ల వేగముతో విహారమునకు పోవుదురు. అప్పుడు లీటరుకు నడచు దూరము దాదాపు సగమునకు తగ్గుట సాధారణము. సమతలమున అందుకు ముఖ్య కారణము బరువు గాదు, ఎదురుగాలి. వేగము రెట్టింపైన గాలి అడ్డు నాలుగు రెట్లగును. 100 నుండి 80కి తగ్గించిన ఆ అడ్డు మూడింట నొకవంతునకు మించి తగ్గును. మన ట్రాక్టరు గంటకు 20 కిలోమీటర్లు మాత్రమే నడచును గనుక గాలి బాధ స్వల్పము. మనకు శత్రువులు బరువు, బాట, ఎత్తు.

అసలు లెక్క

లీటరుకెన్ని కిలోమీటర్లని మాత్రమే చూచిన మోసపోవుదుము. మాటవరుసకు మార్కెట్టు 24 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొనుడు. 40 క్వింటాళ్లతో పోవుటకు 6 లీటర్లు, వట్టి ట్రాలీతో మరలుటకు 4 లీటర్లు, వెరసి 10 లీటర్లు. అనగా క్వింటాలుకు పావు లీటరు. 20 క్వింటాళ్లే వేసిన పోవుటకు 5, మరలుటకు 4, వెరసి 9 లీటర్లు. ఆ విధముగా రెండు మారులు పోయిన అదే 40 క్వింటాళ్లకు 18 లీటర్లగును. తేలిక బరువుతో లీటరుకు దూరము హెచ్చెను గాని క్వింటాలుకు వ్యయము దాదాపు రెట్టింపైనది. మరలునపుడు 20 క్వింటాళ్ల ఎరువు తెచ్చిన మొత్తము 11 లీటర్లకు 60 క్వింటాళ్లు చేరును. కావున ఇరుగుపొరుగువారు కలిసి ఒకే ట్రాలీ నింపుకొనుటయు, సంఘపు ఎరువులను తిరుగు ప్రయాణమున తెచ్చుకొనుటయు అన్నింటికన్న గొప్ప ఆదా.

అయినను ట్రాలీకి నిర్ణయింపబడిన బరువును మించి వేయరాదు. బ్రేకులు పట్టక ప్రాణములు పోయిన పిదప డీజిలు ఆదా ఎవరికి?

పాటింపదగినవి

1. బాటపై నడుపునపుడు టైర్లలో తయారీదారు చెప్పినంత గాలి యుండవలయును.
2. గాలి వడపోత సాధనమును శుభ్రముగా నుంచుడు. నల్లపొగ కాలని డీజిలునకు గుర్తు.
3. తూకమునొద్ద వరుసలో నిలుచునపుడు ఇంజను నాపుడు.
4. పల్లమున గేరు తీసివేసి జారనీయకుడు. ఆ ఆదా మిక్కిలి ప్రమాదకరము.
5. బాటపై నెక్కకముందే రెండు బ్రేకు పెడళ్లను జతపరచుడు.

కొలుచు విధము సులభము. బయలుదేరుముందు చదునైన చోట నిలిపి తొట్టిని నిండుగా నింపుడు. మరలివచ్చి అదే చోట కొలపాత్రతో మరల నింపుడు. పట్టిన లీటర్లు, నడచిన దూరము, మోసిన క్వింటాళ్లు ఈ మూడును పుస్తకమున వ్రాయుడు. పది ప్రయాణముల లెక్క చేతనున్న రైతు బాడుగ మాటలాడునపుడు ఊహతో గాక అంకెలతో మాటలాడగలడు. ఆ పుస్తకమును సంఘ సమావేశమునకు తెచ్చి పదుగురితో పోల్చి చూచుకొనుడు.