పీఎంపీకి ఏది చదవాలి, ఏది వదిలేయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్ట్ లీడ్‌గా చేస్తున్నాను. ప్రాజెక్ట్ మేనేజర్లకిచ్చే పీఎంపీ సర్టిఫికెట్ పరీక్ష రాద్దామనుకుంటే, తోటివాళ్లు తలా ఒక పుస్తకం, తలా ఒక వీడియో కోర్సు చెప్పారు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ గైడ్ అయిన పీఎంబాక్ ఆరో ఎడిషన్ మొదలుపెట్టాను, బుర్రకెక్కడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పీఎంబాక్ గైడే సిలబస్ అని చాలామంది పొరబడతారు. అసలు సిలబస్ వేరే ఉంది. పరీక్ష పెట్టే పీఎంఐ సంస్థ ‘ఎగ్జామినేషన్ కంటెంట్ అవుట్‌లైన్’ అనే చిన్న పత్రాన్ని తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఇస్తుంది. పైసా ఖర్చు పెట్టకముందే దాన్ని ఒకసారి చదవాలి.

ఎందుకంటే సిలబస్ మారుతుంటుంది. 2021 జనవరిలో వచ్చిన అవుట్‌లైన్‌లో మనుషులతో పని చేయించడానికి 42 శాతం, పని జరిగే పద్ధతులకు 50 శాతం, వ్యాపార వాతావరణానికి 8 శాతం ప్రశ్నలు కేటాయించారు. 2026 జులై నుంచి అమలని పీఎంఐ ప్రకటించిన అవుట్‌లైన్‌లో ఇవి 33, 41, 26 శాతాలయ్యాయి. మూడో భాగం ఒక్కసారిగా మూడింతలు దాటింది! పాత కోర్సు తక్కువ ధరకు వచ్చిందని కొంటే, నష్టపోయేది సరిగ్గా అక్కడే. మీరు పరీక్ష రాసే తేదీ ఏ అవుట్‌లైన్ కిందికి వస్తుందో చూసుకుని, దానికి తగ్గట్టు కోర్సు ఎంచుకోండి.

ఇక పీఎంబాక్. 2017లో వచ్చిన ఆరో ఎడిషన్‌లో 49 ప్రాసెస్‌లు ఉంటాయి. వాటిని వరసగా బట్టీ పడితే విసుగు రాక మానదు. 2021 నాటి ఏడో ఎడిషన్ ఆ పద్ధతి వదిలి, 12 సూత్రాల చుట్టూ నడుస్తుంది. షెడ్యూల్, ఖర్చు, రిస్క్ లాంటి అంశాల్లో సందేహం వచ్చినప్పుడు ఆరో ఎడిషన్‌ను నిఘంటువులా తిరగేస్తే చాలు. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవనక్కర్లేదు. దానికన్నా, ఎజైల్ అలయన్స్‌తో కలిసి పీఎంఐ 2017లో తెచ్చిన ‘ఎజైల్ ప్రాక్టీస్ గైడ్’ను శ్రద్ధగా చదవడం మేలు. 2021 నాటి అవుట్‌లైన్‌లో దాదాపు సగం ప్రశ్నలు ఎజైల్, హైబ్రిడ్ పద్ధతుల మీదే.

పద్ధతిని బట్టి జవాబు ఎలా మారుతుందో ఒక ఉదాహరణ చూడండి. పని సగంలో ఉండగా క్లయింట్ వచ్చి ఫలానాది కూడా కలపమంటాడు. ప్రాజెక్ట్ మేనేజర్ ముందుగా ఏం చేయాలి? అది ముందే ప్లాన్ గీసుకుని కడుతున్న ఫ్లైఓవర్ అయితే, ఆ మార్పు వల్ల ఖర్చు, గడువు ఎంత పెరుగుతాయో లెక్కగట్టి, చేంజ్ కంట్రోల్ బోర్డు ముందు పెట్టాలి. ఎజైల్ పద్ధతిలో, స్ప్రింట్లనే రెండేసి వారాల విడతల్లో తయారవుతున్న మొబైల్ యాప్ అయితే, ఆ కోరిక ప్రొడక్ట్ ఓనర్ దగ్గరికి వెళ్లి, బ్యాక్‌లాగ్ అనే పనుల జాబితాలో చేరి, ప్రాధాన్యాన్ని బట్టి తన వంతు కోసం ఆగాలి. ప్రశ్న ఒకటే, జవాబులు రెండు. ఏ పద్ధతిలో నడుస్తున్న ప్రాజెక్టో కనిపెట్టే చూపు ప్రశ్నలు సాధన చేస్తేనే అలవడుతుంది.

కాబట్టి డబ్బులో, సమయంలో పెద్ద వాటా ప్రశ్నల బ్యాంకుకే ఇవ్వండి. పీఎంఐ వారి ‘స్టడీ హాల్’ ఇందుకు మంచి ఎంపిక. అసలు పరీక్ష భాషకు దగ్గరగా ఉంటుంది, పూర్తి నిడివి మాక్ పరీక్షలూ ఉంటాయి. తప్పు రాసిన ప్రశ్నకు వివరణ చదవడం ఎంత ముఖ్యమో, ఊహించి కొట్టగా ఒప్పయిన ప్రశ్నకు చదవడం కూడా అంతే ముఖ్యం. ఒక కోర్సు, ఒక పుస్తకం, ఒక ప్రశ్నల బ్యాంకు. ఇవి ముగిసేదాకా నాలుగోది వద్దు.

ప్రశ్న: సివిల్ డిప్లొమా చేసి, షార్జాలో పన్నెండేళ్లుగా సైట్‌లో పనులు నడిపిస్తున్నాను. తెలుగు మీడియంలో చదివాను. నాకు అర్హత ఉందా? యూట్యూబ్ పాఠాలు సరిపోతాయా?
– ఒక పాఠకుడు, షార్జా

జవాబు: డిప్లొమాతో దరఖాస్తు చేయొచ్చు. ప్రాజెక్టులు నడిపిన అనుభవం 60 నెలలు ఉంటే సరిపోతుంది. దాంతోపాటు 35 గంటల శిక్షణ కావాలి. సొంతంగా చదివిన గంటలు, ఊరికే చూసిన వీడియోలు ఈ లెక్కలోకి రావు. పూర్తి చేసినట్టు సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులో చేరాలి. అది ఖరీదైనదే కానక్కర్లేదు.

మీకు అసలు సవాలు ఇంగ్లిష్ చదివే వేగం. 2021 నాటి పద్ధతిలో 180 ప్రశ్నలకు 230 నిమిషాలు, అంటే ఒక్కో ప్రశ్నకు 77 సెకన్లు. ప్రశ్నేమో ఒక చిన్న కథంత ఉంటుంది. తెలుగులో వివరించే వీడియోలు విషయం అర్థం కావడానికి బాగా ఉపయోగపడతాయి, చూడండి. ప్రశ్నల సాధన మాత్రం మొదటి రోజు నుంచీ ఇంగ్లిష్‌లోనే, గడియారం పెట్టుకుని చేయండి. ముందు చివరి వాక్యం చదివి, అడిగిందేమిటో తెలుసుకుని, అప్పుడు కథలోకి వెళ్తే సమయం కలిసొస్తుంది.

ప్రశ్న: ‘అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలు’ అని ఒక పీడీఎఫ్ అమ్ముతున్నారు. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కొనవద్దు. పరీక్ష ప్రశ్నలు బయటపెట్టబోమని ప్రతి అభ్యర్థీ పీఎంఐకి ఒప్పుకుని రాస్తాడు. అవి నిజంగా అసలు ప్రశ్నలే అయితే, వాడిన వారి సర్టిఫికెట్ రద్దయ్యే ప్రమాదం ఉంది. కాకపోతే, తప్పుడు జవాబులు డబ్బిచ్చి నేర్చుకున్నట్టే. దరఖాస్తు ఆమోదం పొందాక ఏడాదిలో మూడుసార్లు పరీక్ష రాసే వీలుంది. ఆ పీడీఎఫ్‌కు పెట్టే డబ్బు మంచి మాక్ పరీక్షలకు పెట్టండి.