కారు దీపములు నేర్పు పాఠములు

విద్యార్థులారా! పాఠశాలలోని ప్రయోగశాలయందు మనము చేయు ప్రయోగములు చాలవఱకు సఫలములగును. ఏలయన, వానికి వలసిన తీగలు, బ్యాటరీలు, మీటలు ముందుగనే సరిచూడబడి బల్లపై నుంచబడును. లోకములో నట్లు గాదు. అచ్చట పని చెడును. చెడినప్పుడే ప్రకృతిధర్మములు మనకు గట్టిగా జ్ఞాపకమునకు వచ్చును. ఇందుకు నిదర్శనముగా నేడు పెక్కు గృహములలో జరుగుచున్న యొక పనిని దీసికొందము. కారు ముందుదీపముల వెలుగు చాలలేదని తలచి, బజారునుండి అధికకాంతిగల బల్బులను దెచ్చి, మెకానిక్కు సహాయము లేకయే స్వహస్తములతో నమర్చుకొనుటయే యా పని.

స్వహస్తములతో పనిచేయుట నిందింపదగినది కాదు. అయితే పని చెడినపుడు మనుష్యులు రెండు విధములుగా నుందురు. ఒకడు కాలిన వస్తువును దీసి పాఱవైచి, క్రొత్తది తెచ్చి పెట్టి, సంగతిని మఱచును. రెండవవాడు "ఇది యేల కాలెను?" అని యడుగును. మొదటివాడు అదే నష్టమును మరల పొందును. రెండవవాడు పాఠము నేర్చుకొనును. ఈ పనియందు సామాన్యముగా సంభవించు అయిదు ప్రమాదములను, వానిలో దాగియున్న కారణములను ఈ క్రింద వివరించుచున్నాము.

1. బలమైన బల్బు, సన్నని తీగ

మన దేశపు కారులలో హెచ్4 అను హాలోజెన్ బల్బు విస్తారముగా వాడబడుచున్నది. దానిలో రెండు తంతువులుండును. దూరపు వెలుగు నిచ్చు తంతువునకు 60 వాట్లు, డిమ్ము వెలుగు నిచ్చు తంతువునకు 55 వాట్లు. ఇదే యాకారమున 100, 90 వాట్ల బల్బులు కూడ బజారులో దొరకును. మార్చుటకు కొద్ది నిమిషములు చాలును. కొన్నాళ్లు వెలుగు దివ్యముగ నుండును. పిమ్మట హోల్డరు నల్లబడును; తీగపై నున్న ప్లాస్టికు మెత్తబడును; కాలిన వాసన వచ్చును. ఒక్కొక్కప్పుడు నిప్పే పుట్టును.

లెక్క వేసి చూడుడు. వాట్లను వోల్టులచే భాగించిన యాంపియర్లు వచ్చును. 60 వాట్లను 12 వోల్టులచే భాగించిన 5 యాంపియర్లు. 100 వాట్లను భాగించిన ఇంచుమించు 8.3 యాంపియర్లు. ప్రవాహము ఒకటికి ఒకటిన్నర రెట్లకంటె కొంచెము హెచ్చినది గదా, ఇంత మాత్రమునకే తీగ కాలునా యని మీ రడుగవచ్చును. జౌల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1841వ సంవత్సరమున ప్రకటించిన నియమము దీనికి సమాధానము. తీగలో పుట్టు వేడిమి ప్రవాహముయొక్క వర్గము ననుసరించి పెరుగును. కనుక ప్రవాహము 1.67 రెట్లయినపుడు వేడిమి దాదాపు 2.8 రెట్లగును. బల్బు మాఱినది కాని తీగ మాఱలేదు; దోషమంతయు ఇందులోనే యున్నది.

అధికప్రవాహము తప్పనిసరి యైనచో, బ్యాటరీనుండి తగినంత లావుగల ప్రత్యేకపు తీగ వేసి, బ్యాటరీకి సమీపమున దానికొక ఫ్యూజు నుంచి, రిలే ద్వారా దీపమునకు ప్రవాహమును పంపవలెను. అప్పుడు స్విచ్చిగుండా రిలేను కదల్చునంతటి స్వల్పప్రవాహము మాత్రమే పోవును. ఇట్లు చేసినను హోల్డరును, దీపపు ప్లాస్టికు భాగములును ఆ వేడిమిని ఓర్చుకొనగలవో లేవో చూడకతప్పదు.

2. ఫ్యూజుపై కోపము

క్రొత్త దీపములు వెలిగింపగనే ఫ్యూజు పోయెననుకొనుడు. 10 యాంపియర్ల ఫ్యూజును దీసి 20 యాంపియర్లది పెట్టువారు కలరు. ఫ్యూజునకు మాఱుగా రాగితీగ చుట్టువారును కలరు. ఇది దొంగను జూచి మొఱిగిన కుక్కను కట్టివేయుట వంటిది. ఫ్యూజు దీపమును కాపాడుటకు గాదు, తీగను కాపాడుటకు నియమింపబడినది. తీగ యోర్చుకొనగల ప్రవాహమును మించకుండ ముందుగా తానే కరగి మార్గమును త్రెంచును. పెద్ద ఫ్యూజు పెట్టినచో, కరగవలసిన వంతు తీగకు వచ్చును. తీగ కరగుట కాఱుబొగ్గు చేయుటకు మొదలు. ఫ్యూజు పోయిన ప్రతిసారియు కారణమును వెదకి, అదే కొలతగల ఫ్యూజును మరల నుంచుడు.

3. త్వరత్వరగా కొట్టుకొను ఇండికేటరు

తెల్లని కాంతినిచ్చు ఎల్.ఇ.డి. దీపములకు నీలికాంతి ఎల్.ఇ.డి.యే మూలము. దానిని సాధించినందులకు జపానులో జన్మించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా అను మువ్వురికి 2014వ సంవత్సరమున భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వెలుగు నిచ్చుట ఎల్.ఇ.డి. గుణము. విచిత్రమేమనగా, ఇండికేటరు బల్బులను మార్చినపుడు ఈ గుణమే చిక్కు తెచ్చును. దీపము మామూలు లయను విడిచి మిక్కిలి వేగముగా కొట్టుకొనును.

పాత బల్బు 21 వాట్లది. అది 1.75 యాంపియర్లను దీసికొనును. ఎల్.ఇ.డి. అందులో చిన్న భాగమును మాత్రమే తీసికొనును. బల్బు కాలిపోయినచో డ్రైవరునకు తెలియుటకై, ప్రవాహము తగ్గగనే వేగముగా కొట్టుకొనునట్లు ఫ్లాషరును నిర్మాతలు ఏర్పఱచిరి. కనుక ఫ్లాషరు చెడిపోలేదు. తనకు నేర్పిన మాటనే చెప్పుచున్నది. దాని నోరు మూయుటకు కొందఱు ఒక నిరోధకమును జతచేయుదురు. ఆ నిరోధకము పాత బల్బంత విద్యుత్తును వేడిమిగా మార్చును. ప్లాస్టికునకు తగిలించి కట్టినచో దానిని కరగించును. ఎల్.ఇ.డి.కి తగిన ఫ్లాషరును పెట్టుట సరియైన మార్గము.

4. వ్రేలిముద్రయు, ఉంగరమును

హాలోజెన్ బల్బుయొక్క గాజును వట్టి వ్రేళ్లతో ముట్టరాదని దాని పెట్టెపైననే వ్రాసియుండును. ముట్టినచో చేతి జిడ్డును, చెమటలోని ఉప్పును గాజునకు అంటుకొనును. బల్బు మిక్కిలి వేడెక్కునపుడు ఆ మచ్చవద్ద గాజు బలహీనపడి, ఉబ్బును లేక పగులును. శుభ్రమైన గుడ్డతో పట్టుకొనుడు. పొరపాటున ముట్టినచో స్పిరిటుతో తుడిచి, ఆఱిన తరువాత అమర్చుడు.

ఉంగరము సంగతి ఇంతకంటె భయంకరము. 12 వోల్టులు మనుష్యునకు షాకు కొట్టదని కొందఱు నిర్భయముగ నుందురు. కాని చేతిలోని స్పానరు ఒకవైపున బ్యాటరీ ధనధ్రువమును, మఱియొకవైపున కారు బాడీని తాకినచో, వందలకొలది యాంపియర్లు ఒక్క క్షణములో ప్రవహించును. ఆ మార్గమున లోహపు టుంగరమున్నచో అది యెఱ్ఱగా కాలి వ్రేలిని కాల్చును. ఉంగరమును, గడియారమును తీసివైచి, ముందుగా ఋణధ్రువపు తీగను విప్పవలెను. కారు బాడీ ఋణధ్రువముతో కలుపబడియుండుటచే, ఆ తీగ విప్పినపిదప స్పానరు బాడీని తాకినను అపాయము లేదు. బిగించునపుడు దానిని కడపట బిగింపవలెను.

5. మన వెలుగు, ఎదుటివాని చీకటి

పై నాలుగు ప్రమాదములలో నష్టము తొలుత మనకే; ఈ యైదవదానిలో నష్టము పరులకు. హాలోజెన్ బల్బుకొఱకు చేయబడిన దీపములో ఎల్.ఇ.డి.ని గాని, జినాను బల్బును గాని పెట్టినపుడు తీగ కాలదు, ఫ్యూజు పోదు, అంతయు చక్కగ నున్నట్లే తోచును. కాని దీపములోని పుటాకార దర్పణము, తంతువు ఒకానొక స్థానమున నుండునని యెంచి చేయబడినది. హెచ్4 బల్బులో డిమ్ము తంతువు క్రింద చిన్న లోహపు దొప్ప యుండును. అది కాంతిని దర్పణపు పై సగమునకే పంపి, కిరణములు రోడ్డువైపు వంగునట్లు చేయును. క్రొత్త దీపములో కాంతి పుట్టు చోటు కొద్ది మిల్లీమీటర్లు తప్పినను, దాని యాకారము వేఱైనను, కిరణములు మీదికి చెదరును.

అప్పుడు ఎదురుగా వచ్చు సైకిలువాని కన్నులు మిఱుమిట్లు గొనును. కొన్ని క్షణములు అతనికి రోడ్డు కానరాదు. రోడ్డు ప్రక్క నడచువాడును, ఆరబోసిన ధాన్యపు రాసియు కానరావు. మన కారు ముందు నేల తెల్లగ వెలుగుటచే, మన కంటిపాపయు ముడుచుకొని దూరపు వస్తువులు మనకే తక్కువగా కనబడును. ఎక్కువ వెలుగు ఎక్కువ చూపు కాదు. వాహనమును నిర్మాత నిర్ణయించిన లక్షణములకు భిన్నముగా మార్చుటను 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను సామాన్యముగా నిషేధించుట యందులకే తగియున్నది.

బల్బు కొనుటకు ముందు

వెలుగు తగ్గినదన్నంత మాత్రమున బల్బుదే దోషమని తలపరాదు. దీపమునకు చేరు వోల్టేజి నూటికి పదివంతులు తగ్గినచో, తంతువు వెలుగు నూటికి సుమారు ముప్పదివంతులు తగ్గును. త్రుప్పుపట్టిన ఎర్తు కలయిక యొక్కటే ఇంత నష్టము చేయగలదు. పసుపుబాఱిన దీపపు ముఖము, దుమ్ము, తప్పిన దిశ కూడ ఇట్టివే. వీనిని సరిచేయుటకు అయ్యెడి వ్యయము స్వల్పము, ప్రమాదమును స్వల్పము.

పని మొదలిడినవారు ఒక పుస్తకములో నాలుగు సంగతులు వ్రాసికొనవలెను: ముందెట్లుండెను? ఏమి మార్చితిమి? ఏమి జరిగెను? ఏల జరిగెను? ఒక్కసారి ఒక్కదానినే మార్చుడు. రెండింటిని కలిపి మార్చినచో దోష మెందున్నదో తెలియదు. మార్పునకు ముందును, తరువాతను సమతలమున కారు నిలిపి, ఎదుటి గోడపై వెలుగుయొక్క పై యంచును గుర్తించి పోల్చుడు. నాలుగవ ప్రశ్నకు జవాబు వ్రాయనంతవఱకు ఆ పని ముగియలేదని యెంచుడు.

అభ్యాసము

1. డిమ్ము బల్బు 55 వాట్లనుండి 90 వాట్లకు మాఱిన, తీగలో పుట్టు వేడిమి యెన్ని రెట్లగును?

2. రిలేకు పోవు తీగలో ఫ్యూజును దీపమువద్ద గాక బ్యాటరీవద్ద నుంచుటకు కారణమేమి?

3. ఎల్.ఇ.డి. తక్కువ విద్యుత్తును తీసికొనునుగదా. తీగకు సుఖమైన ఆ దీపము ఎదుటివానికి కష్టమగుటకు కారణమును పటము గీసి చూపుడు.

మూడవ ప్రశ్నను ఇంటివద్ద కారు నడుపు తండ్రులతో, అన్నలతో కూర్చుండి చేయుడు.