షెడ్డు బిల్లులో ఎనిమిదో తరగతి లెక్క

ఇంటి పాఠం: శాతాలు, పన్నులు, ప్రశ్న అడిగే పద్ధతి



ఒక ఆదివారం ఉదయం అమ్మాయిని నాట్యం క్లాసుకు దింపడానికి విజయవాడ నుంచి కూచిపూడి బయలుదేరారనుకోండి. ఉయ్యూరు దాటారు. పామర్రులో కుడివైపు తిరిగిన కాసేపటికి ఇంజిన్ అరుస్తోంది గానీ బండి ముందుకు కదలడం లేదు. క్లచ్ పోయింది. తెలిసినవాళ్లు చెప్పిన షెడ్డుకు తాడు కట్టి లాక్కెళ్లారు. మర్నాడు సాయంత్రం బండి చేతికొచ్చింది. బిల్లు 16,343 రూపాయలు.

ఇప్పుడు ఏం చేస్తారు? మనలో చాలామంది రెండింట్లో ఒకటి చేస్తాం. కిక్కురుమనకుండా కట్టేసి, ఇంటికి చేరేదాకా "దోచేశాడు" అని గొణుక్కుంటాం. లేదంటే అక్కడే గొంతు పెంచుతాం. పక్కనున్న పిల్ల రెండూ చూస్తుంది. మొదటిదాని వల్ల అడగడం నామోషీ అని, రెండోదాని వల్ల అరిస్తేనే పని జరుగుతుందని నేర్చుకుంటుంది. మూడో దారి కూడా ఉంది. అది బిల్లును చదవడం. దానికి కావాల్సిన లెక్క ఆ పిల్ల స్కూలు బ్యాగులోనే ఉంది.

బిల్లు ఇదీ (పాఠం కోసం మేం రాసుకున్నది, ఏ షెడ్డుదీ కాదు)

సామాన్లు (ఎమ్మార్పీ ప్రకారం)
క్లచ్ సెట్: 5,900
ముందు బ్రేక్ ప్యాడ్లు: 1,770
గేర్ ఆయిల్ డబ్బాలు 2: 1,180

లేబర్
గేర్‌బాక్స్ దించి ఎక్కించినందుకు: 2,000
క్లచ్ మార్చినందుకు: 2,500
బ్రేక్ ప్యాడ్లు మార్చినందుకు: 500

మొత్తం: 13,850
జీఎస్టీ 18 శాతం: 2,493
కట్టవలసినది: 16,343

కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఈ బిల్లులో ఒక తప్పు ఉంది, ఒక అనుమానం ఉంది. చూడగానే ఎక్కువ అనిపించినా నిజానికి న్యాయమైనది కూడా ఒకటి ఉంది. ఈ మూడింటినీ విడదీయడమే ఈ నెల పాఠం.

మొదట తప్పు: ఎమ్మార్పీ మీద మళ్లీ పన్ను

ప్యాకెట్ మీద అచ్చువేసే ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం అంతకు మించి తీసుకోకూడదు. బిస్కెట్ ప్యాకెట్‌కైనా బ్రేక్ ప్యాడ్లకైనా ఇదే రూలు. పై బిల్లులో సామాన్ల మొత్తం 8,850. అందులో జీఎస్టీ అప్పటికే ఉంది. దాని మీద మళ్లీ 18 శాతం వేశారు. అంటే 1,593 రూపాయలు అదనం.

మరి 8,850లో దాగి ఉన్న పన్ను ఎంత? పిల్లలు తడబడేది ఇక్కడే. 8,850లో 18 శాతం తీసేస్తే సరిపోతుందనుకుంటారు. అది తప్పు. పన్ను వేసింది అసలు ధర మీద. అసలు ధర 100 అయితే ఎమ్మార్పీ 118. కాబట్టి 8,850ని 118తో భాగించి 100తో గుణించాలి. అసలు ధర 7,500, పన్ను 1,350. సరిచూడాలంటే 7,500కి 18 శాతం కలిపి చూడండి, 8,850 వస్తుంది. శాతం చెప్పేటప్పుడు "దేని మీద?" అని అడగడం పిల్లలకు అలవాటైతే, ఈ అధ్యాయంలో సగం వచ్చేసినట్టే.

ఒక జాగ్రత్త. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతం. అంతకుముందు చాలావాటికి 28 శాతం ఉండేది. డబ్బా మీద పాత ధర కనిపిస్తే, తగ్గిన పన్ను ప్రకారం లెక్క వేశారా అని అడగవచ్చు.

ఇక అనుమానం: ఒకే పనికి రెండు లైన్లు

క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించక తప్పదు. దించకుండా క్లచ్ ప్లేటు చేతికే అందదు. మరి గేర్‌బాక్స్‌కు 2,000, క్లచ్‌కు 2,500 వేరువేరుగా ఎందుకు వేశారు? రెండు కారణాలు ఉండవచ్చు. ఒకే పని రెండుసార్లు రాసి ఉండవచ్చు. లేదా పని మొత్తానికి 4,500 అనుకుని, అర్థం కావడానికి రెండు లైన్లుగా విడగొట్టి ఉండవచ్చు. మొదటిదైతే 2,000, దాని మీద జీఎస్టీ 360, కలిపి 2,360 రూపాయలు ఎక్కువ వేసినట్టు. రెండోదైతే తప్పేమీ లేదు. ఏది నిజమో కాగితం చూస్తే తెలియదు, అడిగితేనే తెలుస్తుంది. అందుకే దీన్ని తప్పు అనకుండా అనుమానం అన్నాం. ఈ తేడా పిల్లలకు అర్థం కావాలి.

న్యాయమైనది: లేబర్

"అయిదువేల తొమ్మిదొందల సామాను బిగించడానికి రెండున్నర వేలా?" అనిపించడం సహజం. ఆ పని ఎలా జరుగుతుందో చూడండి. బండి పైకెత్తాలి. చక్రాలకు వెళ్లే షాఫ్టులు ఊడదీయాలి. మౌంటింగులు విప్పి, బరువైన గేర్‌బాక్స్‌ను ఆపుతూ దించాలి. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మార్చాలి. ప్లేటు నడిమధ్యకు కుదరకపోతే గేర్‌బాక్స్ తిరిగి ఎక్కదు. తర్వాత ఆయిల్ పోసి, నడిపి చూడాలి. ఇద్దరు మనుషులకు పూట గడిచిపోయే పని. బ్రేక్ ప్యాడ్లు అలా కాదు. చక్రం విప్పి, కాలిపర్ బోల్టులు తీస్తే చాలావరకు అయినట్టే. లేబర్ సామాను ధరను బట్టి ఉండదు. పట్టే సమయాన్ని, పనితనాన్ని, పనిముట్లను బట్టి ఉంటుంది.

లేబర్‌కు ప్రభుత్వం కట్టిన గరిష్ఠ ధర లేదు. ముందే ఒప్పుకున్న అంచనాయే మనకు కొలబద్ద.

సామాన్ల ధర విషయంలో చిన్న మెకానిక్ మీదే నెపం వేయడమూ సరికాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అసలైన విడిభాగాలను, మరమ్మతుకు కావాల్సిన పరికరాలను బయటి షెడ్లకు సరిగా అందనివ్వడం లేదని ఆ ఆదేశం చెప్పింది. తర్వాత కంపెనీలు దాన్ని సవాలు చేశాయి. పోటీ లేనిచోట ధర ఎలా ఉంటుందో పెద్ద తరగతుల పిల్లలతో మాట్లాడటానికి ఇది మంచి ఉదాహరణ. విజయవాడ ఆటోనగర్‌లో ఒకే సామానుకు నాలుగు కొట్లలో ధర అడగగలం. దారిలో ఆగిపోయిన బండికి ఆ వీలు లేదు.

ఎలా అడగాలి?

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడగడానికి కోపం అక్కర్లేదు.

పనికి ముందు: "అన్నా, సామాన్లకెంత, లేబర్‌కెంత అవుతుందో ఒక కాగితం మీద రాసిస్తారా? అంతకు మించితే ముందు ఫోన్ చేయండి." తీసేసిన పాత సామాన్లు తిరిగి ఇమ్మని కూడా అప్పుడే చెప్పండి.

బిల్లు వచ్చాక: "ఇది ఎమ్మార్పీయే కదా, దీని మీద మళ్లీ జీఎస్టీ పడింది, ఒకసారి చూస్తారా?" "ఈ రెండు లైన్లూ వేరువేరు పనులా అన్నా?" కొత్త సామాన్ల ఖాళీ డబ్బాలు చూపించమనండి. ధర, తయారీదారు పేరు వాటి మీదే ఉంటాయి.

జీఎస్టీ వేసిన బిల్లు మీద 15 అక్షరాల నంబరు ఉండాలి. మన రాష్ట్రంలో అది 37తో మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ లేని షెడ్డు జీఎస్టీ వసూలు చేయకూడదు.

చాలాసార్లు ఇంతటితోనే పని అయిపోతుంది. మన ఉదాహరణలో రెండు లైన్లూ ఒకటే పని అని తేలితే, సరైన బిల్లు 12,390. తేడా 3,953 రూపాయలు. రెండూ వేరు పనులని మెకానిక్ సరిగ్గా వివరిస్తే బిల్లు 14,750. అప్పుడు ఆ మొత్తం ఇచ్చి, థాంక్స్ చెప్పి రావడమే మర్యాద.

వినకపోతే

గొడవ వద్దు. బిల్లు, డబ్బాల ఫొటోలు, అంచనా కాగితం దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కృష్ణా జిల్లావారికి మచిలీపట్నంలో, ఎన్టీఆర్ జిల్లావారికి విజయవాడలో. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్లు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే.

ఈ నెల పిల్లలతో చేయండి

3 నుంచి 5 తరగతులు: వంటింట్లో అయిదు ప్యాకెట్లు తీసి ఎమ్మార్పీ రాయండి. పన్నులు కలిసి ఉన్నాయని రాసిన మాట ఎక్కడుందో వెతకండి.

6 నుంచి 8 తరగతులు: ఒక బ్యాటరీ ఎమ్మార్పీ 4,720 రూపాయలు. జీఎస్టీ 18 శాతం. అసలు ధర ఎంత, పన్ను ఎంత?

9, 10 తరగతులు: లేబర్ 3,000 రూపాయలు. 10 శాతం తగ్గించి తర్వాత 18 శాతం పన్ను వేస్తే ఎంత? ముందు పన్ను వేసి తర్వాత తగ్గిస్తే ఎంత? ఎందుకలా వచ్చింది?

జవాబులు: బ్యాటరీ అసలు ధర 4,000, పన్ను 720. లేబర్ ఎలా చేసినా 3,186. గుణకారంలో వరస మారినా ఫలితం మారదు కాబట్టి.

ఈసారి బండి సర్వీసుకు ఇచ్చినప్పుడు బిల్లు ముందు మీ అబ్బాయికో అమ్మాయికో ఇవ్వండి. వాళ్లు చదివాకే డబ్బు కట్టండి. ఏం కనిపెట్టారో ఒక పేజీ రాయించి క్లాస్ టీచర్‌కు పంపండి. షెడ్డు పేరు, మెకానిక్ పేరు మాత్రం రాయనివ్వకండి.

వచ్చే నెల ఇంటి పాఠం: కరెంటు బిల్లు.