ఆ గడిలో ‘లేదు’ అని రాయొద్దు

క్రోసూరు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్‌గా సెలెక్టయ్యావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. అటెస్టేషన్ ఫారంలో నీ మీదున్న ఎన్నికల గొడవ కేసు సంగతి రాయొద్దని నీ స్నేహితులు అంటున్నారట. ఫోన్లో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నా. వకీలు గుమాస్తాగా బతికినవాణ్ణి, కాస్త ఓపిగ్గా చదువు.

ఆ ఫారం శిక్ష పడిందా అని అడిగి ఊరుకోదు. ఎప్పుడైనా అరెస్టయ్యావా, బైండోవర్ అయ్యావా, జరిమానా కట్టావా, కేసేమైనా పెండింగులో ఉందా అని విడివిడిగా అడుగుతుంది. మన పల్నాడులో ఎన్నికలొస్తే కుర్రాళ్లను తహశీల్దారు ముందుకు తీసుకెళ్లి బైండోవర్ చేయడం మామూలే. పూచీకత్తు మీద సంతకం పెట్టి, బయటికొచ్చి టీ తాగి, ఇంటికొచ్చేసరికి మర్చిపోతారు. అది శిక్ష కాదు, గడువు కూడా సాధారణంగా ఏడాదికి మించదు. అయినా అడిగారు కాబట్టి రాయాల్సిందే.

ఇక నీ కేసు సంగతి. 2024 మే 13న పోలింగ్ నాడూ ఆ తర్వాతా మాచర్ల, నరసరావుపేటల్లో జరిగిన గొడవలు నువ్వెరుగుదువు. ఎన్నికల సంఘం మన పల్నాడు ఎస్పీనే సస్పెండ్ చేసింది, దర్యాప్తుకు సిట్ దిగింది. అలాంటి గొడవల ఎఫ్‌ఐఆర్‌లో పది పేర్లు రాసి చివర ‘మరికొందరు’ అంటారు. ఆ ‘మరికొందరి’లోకే తర్వాత నీలాంటి వాళ్ల పేర్లు ఎక్కుతాయి. నువ్వు రాయి విసిరావో లేదో కోర్టు తేలుస్తుంది. నీ పేరు ఉందన్న సంగతి మాత్రం దాగదు. ఫారం తిరిగి తిరిగి మన స్టేషనుకే వస్తుంది. కోర్టు కేసులయితే ఇప్పుడు ఈ-కోర్ట్స్‌లో పేరు కొట్టి ఎవరైనా చూడొచ్చు. హైదరాబాదు కంపెనీల తరఫున వెరిఫికేషన్ చేసేవాళ్లు వెతికేదీ అక్కడే.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీలు ఉద్యోగ ఫారంలో కేసు దాచడమనే ఈ చిక్కుముడి విప్పారు. కుర్రతనంలో నినాదాలు చేయడం లాంటి చిన్న కేసయితే, దాచినా పై అధికారి క్షమించవచ్చు. నిజం రాస్తే, పెండింగు కేసు ఉన్నా అది చిన్నదయితే ఉద్యోగం ఇవ్వవచ్చు. అన్నిచోట్లా ‘వచ్చు’ అనే ఉంది, ‘తీరాలి’ అని లేదు. కాబట్టి నిజం రాస్తే ఉద్యోగం ఖాయమని నీకు మాటివ్వలేను. రాయకపోతే మాత్రం కేసు కొట్టేసినా దాచినందుకే తీసేయగలరు. పైగా చేరాక, పెళ్లయ్యాక బయటపడితే ఆ తలవంపులు వేరు.

లోక్ అదాలత్‌లో రాజీపడితే సరి అని కూడా నీ స్నేహితులు అంటున్నారట. రాజీకి వీలున్న సెక్షన్లయితే పడొచ్చు, చట్టం దాన్ని నిర్దోషిగా విడుదలైనట్టే చూస్తుంది. కానీ 2013లో ఢిల్లీ పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైన మెహర్ సింగ్ విషయంలో, రాజీతో వచ్చిన విడుదల చాలదన్న శాఖ మాటనే సుప్రీంకోర్టు నిలబెట్టింది. యూనిఫాం ఉద్యోగానికి కొలత గట్టిగా ఉంటుంది. గొడవ జరిగినచోట నువ్వు లేవనడానికి ఆధారముంటే, కేసు కొట్టేయమని హైకోర్టులో క్వాష్‌కు వెళ్లే దారి గురించి వకీలును అడుగు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతా. క్రైం నంబరు, సెక్షన్లు, ఏ కోర్టు, ఏ దశ అన్నవి పొల్లుపోకుండా రాయి. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు నకళ్లు జతచేయి. గడి చాలకపోతే వేరే కాగితం పెట్టు. ‘పార్టీ గొడవ, నాకేం తెలియదు’ లాంటి కథలొద్దు. ఇంకో మాట, రేపు గల్ఫ్‌కో అమెరికాకో పోదామనుకున్నా, కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుండగా పాస్‌పోర్టుకు ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. కాబట్టి వాయిదాలు ఎగ్గొట్టకుండా కేసు తేల్చుకో.

తమ్ముడికి కూడా చెప్పు. నాయకుడి కొడుకు మీద కేసు పడితే వాళ్లకు పెద్ద వకీలు ఉంటాడు. మనకు పడితే అమ్మ మెడలోది తాకట్టుకు పోతుంది. ఈసారి ఎన్నికలకు బండెక్కమని ఎవడు పిలిచినా ఎక్కొద్దను.

సంతకం పెట్టేముందు ఫారం నాకు చూపించు.

ఇట్లు,
మీ పెదనాన్న