ఒక గృహిణి అల్లిక విద్య

తెలుగు భాషలో అల్లిక యను మాటకు విస్తారమైన వాడుక కలదు. పూలదండను అల్లుదురు, వెదురుబుట్టను అల్లుదురు, వలను, జడను, నులకమంచమును అల్లుదురు. కవి పద్యమును సయితము అల్లును. విడిగా నున్నదానిని ఒకదానిలో నొకటి దూర్చి, చెదరక నిలుచునట్లు చేయుట యెల్ల అల్లికయే. మన నరసాపుర ప్రాంతపు స్త్రీలు కొక్కెము వంటి ఒక్క సూదితో సన్నని నూలును అల్లి లేసు చేయుదురు. అది వారికి జీవనోపాధి. చలిదేశములలో రెండు సూదులతో ఉన్నిదారమును అల్లి స్వెట్టర్లు, మేజోళ్ళు, టోపీలు చేయుట చిరకాలముగా ఇంటింటి పని. ఈ రెండవ విధమగు అల్లికను జీవితమెల్ల చేసి, చేయుచు దానిని గూర్చి ఆలోచించి, ఇతరులను గూడ ఆలోచింపుడని ప్రోత్సహించిన ఒక గృహిణి కథ యిది.

ఆమె కథకు ముందు ఆ పని యెట్టిదో కొంత తెలిసికొనవలెను. నేత వేఱు, అల్లిక వేఱు. మగ్గముపై పడుగు, పేక యని రెండు దారములు ఒకదానికొకటి అడ్డముగా సాగును. రెండు సూదుల అల్లికలో దారము ఒక్కటియే. ఒక ఉచ్చులోనుండి మఱియొక ఉచ్చును లాగి, దానినుండి వేఱొక దానిని లాగి, వరుసపై వరుసగా వస్త్రమును పెంచుదురు. ఉచ్చుల సంఖ్య హెచ్చించిన వస్త్రము వెడల్పగును, తగ్గించిన ఇఱుకగును. కావున కత్తెరతో పని లేదు. దర్జీ గుడ్డను ముందు కొని, తరువాత కత్తిరించి రూపము తెచ్చును. అల్లువారి చేతిలో గుడ్డయు, రూపమును ఒక్కసారే పుట్టును. మఱియొక సౌలభ్యము కూడ కలదు. పని చెడిపోయినచో కొస పట్టి లాగిన చాలును. దారము దారముగా తిరిగి వచ్చును. ఉన్ని వ్యర్థము కాదు. పోయినది కాలము మాత్రమే.

ఎలిజబెత్ 1910 ఆగస్టు 9 వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. ఆమె పుట్టింటి పేరు లాయిడ్ జోన్స్. బాల్యమున తల్లి మొదలగువారు ఆమెకు సూదులు పట్టుట నేర్పిరి. ఆంగ్లేయులు దారమును కుడిచేతితో పట్టి సూదిచుట్టు త్రిప్పుదురు. ఆమెకు ఇంట చదువు చెప్ప వచ్చిన స్విట్జర్లాండు యువతి మాత్రము దారమును ఎడమచేతి వ్రేలిపై నిలిపి, సూదికొనతో దానిని అందుకొనుచుండెను. చేయి కదలిక తక్కువ. పని త్వరగా సాగును. బాలిక ఈ రెండవ పద్ధతిని నేర్చి, అదియే తనకు అనువని నిశ్చయించుకొనెను. చుట్టునున్నవారు వేఱొక తీరున అల్లుచున్నను ఆమె తన తీరు మార్చుకొనలేదు.

పెరిగి పెద్దయై, స్విట్జర్లాండులోని లోజాను నగరమునను, పిమ్మట జర్మనీలోని మ్యూనిక్ నగరమునను ఆమె చిత్రకళ నభ్యసించెను. జర్మనీలోనే ఆర్నాల్డ్ జిమ్మర్మన్ అను యువకునితో పరిచయము కలిగి, అతనిని వివాహమాడెను. అవి హిట్లరు పాలన సాగుచున్న దినములు. దంపతులు ఆ దేశమును విడిచి ఇంగ్లండు చేరిరి. అచటనుండి 1937 లో అమెరికాకు తరలిపోయిరి. తుదకు విస్కాన్సిన్ రాష్ట్రమున స్థిరపడిరి. అది అమెరికా ఉత్తరభాగమున నున్న మంచుసీమ. శీతకాలమున సరస్సులు గడ్డకట్టును. అట్టిచోట ఉన్ని స్వెట్టరు అలంకారము కాదు, అవసరము.

ఆమెకు ముగ్గురు బిడ్డలు. వంటయు, ఇంటిపనియు, బిడ్డల పోషణయు తీఱిన తరువాత మిగిలిన కాలమే ఆమె అల్లిక కాలము. మిగిలినది చాలనప్పుడు పనుల నడుమ సందు చూచుకొనెడిది. భర్త మోటారుసైకిలు నడుపుచుండగా వెనుక కూర్చుండి అల్లుచుండెడి దనియు చెప్పుదురు! చిత్రకళ చదివిన చేయి గనుక రంగుల కూర్పు ఆమెకు సహజముగా తెలిసెను. కాని అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి. ఏ పని చేసినను, 'ఇది ఇట్లే యేల చేయవలెను? ఇంతకంటె తేలికయగు దారి లేదా?' అని తన్ను తాను ప్రశ్నించుకొను స్వభావము ఆమెకు గలదు.

ఆ కాలమున అమెరికా పత్రికలలో అల్లిక విధానములు విరివిగా ముద్రితమగుచుండెడివి. వాని తీరు ఇట్టిది: ముందు భాగము ఒక ముక్క, వెనుక భాగము ఒక ముక్క, చేతులు రెండు ముక్కలు. ఒక్కొక్క ముక్కను ఆ కొసనుండి ఈ కొసకు, ఈ కొసనుండి ఆ కొసకు అల్లి, తుదకు నాల్గింటిని కలిపి కుట్టవలెను. ఎన్ని ఉచ్చులు, ఎన్ని వరుసలు అనునది పత్రికయే చెప్పును. అందుకు వాడవలసిన దారమును గూడ అదియే నిర్ణయించును. గృహిణి లెక్కపెట్టుచు పోవుటయే గాని, ఆ లెక్క యెట్లు వచ్చినదో ఎఱుగదు. దారము కొంచెము లావైనచో, బిడ్డ కొంచెము బొద్దుగా నున్నచో, ఏమి చేయవలెనో తెలియక అవస్థపడును.

ఎలిజబెత్‌కు ఈ పద్ధతి రుచింపలేదు. ఆమె నడుమ వంగెడు తీగ గల జంటసూదిని వాడి, స్వెట్టరును గొట్టమువలె చుట్టును అల్లుచుండెను. మొండెము ఒక గొట్టము. చేతులు రెండు చిన్న గొట్టములు. మూడింటిని చంకలకడ ఒకే సూదిపైకి చేర్చి, మెడవఱకు ఒక్కటిగా అల్లుదురు. పెద్ద కుట్లు లేవు. ఇది ఆమె సృష్టి కాదు. స్కాట్లండుకు ఉత్తరమున నున్న షెట్లాండు ద్వీపములవారు మొదలగు పలువురు జాలరి, రైతు కుటుంబముల స్త్రీలు ఎంతో కాలముగా చుట్టునే అల్లుచుండిరి. అందులకు బలమైన కారణమున్నది. షెట్లాండు ద్వీపములలో ఫెయిర్ ఐల్ అను చిన్న దీవి కలదు. వరుసకు రెండు రంగుల దారములతో చిత్రములు తేల్చు అల్లికకు ఆ దీవి ప్రసిద్ధము. చుట్టును అల్లునపుడు వస్త్రపు మంచి ముఖమే ఎల్లవేళల కన్నులయెదుట నుండును. చిత్రము పెరుగుట కనబడుచుండును. అటునిటు అల్లినచో వరుస విడిచి వరుస వెనుకవైపునుండి అల్లవలసి వచ్చును. చిత్రము కానరాదు, తప్పు జరిగినను వెంటనే తెలియదు.

ఫెయిర్ ఐల్ రీతిలో మెడచుట్టు రంగుల వలయములు గల ఒక స్వెట్టరును ఎలిజబెత్ రూపొందించెను. ఒక పత్రిక దానిని స్వీకరించెను. ప్రచురితమైన విధానమును చూచునప్పటికి, సంపాదకవర్గమువారు దానిని మార్చివేసి యుండిరి. చుట్టును అల్లవలసిన స్వెట్టరు అటునిటు అల్లు ముక్కలుగా మాఱెను. పాఠకురాండ్రకు అలవాటైన పద్ధతి యదియే యని వారు తలంచియుందురు. ఆ తలంపులో కొంత న్యాయము లేకపోలేదు. పత్రిక పదిమందికి ఉపయోగపడవలెను గదా. కాని ఆ మార్పుతో అల్లిక కష్టమయ్యెను. ఆ స్వెట్టరు వెనుకనున్న ఆలోచన మాయమయ్యెను.

ఎలిజబెత్ వాదమునకు దిగలేదు. 1958 లో తన సొంత కరపత్రమును ప్రచురించుట కారంభించెను. తాను తపాలా ద్వారా ఉన్నిని అమ్ముచు, కొనినవారికి ఆ కరపత్రమును పంపుచుండెను. పెద్ద ముద్రణాలయము లేదు, పెట్టుబడి లేదు; వంటింటి బల్లయే కార్యాలయమువంటిది. ఆ వ్రాతలో ఆజ్ఞలు తక్కువ, ముచ్చట ఎక్కువ. ఒక విధానమును చెప్పి, అది ఎందువలన అట్లున్నదో చెప్పి, మీకు వేఱొకటి తోచినచో అట్లే చేయుడని చెప్పుట ఆమె పద్ధతి. తన అల్లికకు తానే యజమాని యని ప్రతి గృహిణియు తెలిసికొనవలెనని ఆమె కోరిక.

అట్లు తెలిసికొనుటకు ఒక సాధనము కావలెను గదా! ఆ సాధనము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు తెలిసిన శాతముల లెక్కయే. మొదట చిన్న చదరపు ముక్కను అల్లి, అంగుళమునకు ఎన్ని ఉచ్చులు వచ్చినవో కొలువవలెను. ఐదు వచ్చినవనుకొందము. స్వెట్టరు చుట్టుకొలత 40 అంగుళములు కావలెనన్నచో 40 ని 5 చేత గుణింపగా 200. ఈ 200 నే నూఱు శాతముగా భావింపవలెను. మణికట్టుకడ చేతిగొట్టమునకు అందు 20 శాతము, అనగా 40 ఉచ్చులు. అది పైకి పోవుచు క్రమముగా పెరిగి భుజముకడ 33 శాతము, అనగా 66 కావలెను. చంక క్రింద 8 శాతము, అనగా 16 ఉచ్చులను ప్రక్కకు నిలుపవలెను. మెడకడ మిగులవలసినది 40 శాతము, అనగా 80. మనుష్యుల ఆకారములు వేఱువేఱైనను, అవయవముల నిష్పత్తులు ఇంచుమించు ఒక్కటియే యగుటచే ఈ లెక్క పనిచేయును.

ఇందొక వింత కలదు. 24 అంగుళముల స్వెట్టరు కావలసిన బిడ్డకు అదే దారముతో అల్లినచో 24 ఐదులు 120 ఉచ్చులు. అంగుళమునకు మూడే ఉచ్చులు వచ్చు లావు దారముతో 40 అంగుళముల పెద్దవానికి అల్లినను 40 మూడులు 120 ఉచ్చులే. కావున మణికట్టు, భుజము, మెడ లెక్కలన్నియు ఇరువురికిని ఒక్కటియే. చేతికి వచ్చు వస్త్రములు మాత్రము ఒకటి బిడ్డది, ఒకటి తండ్రిది. అయితే మొదటి కొలతలో అశ్రద్ధ కూడదు. ఐదనుకొన్నది నిజముగా నాలుగున్నర యైనచో 40 అంగుళములు కావలసిన స్వెట్టరు 44 అంగుళములు దాటును. చిన్న ముక్కను అల్లి కొలుచుటకు బద్ధకించి, వారములకొలది శ్రమను విప్పుకొనువారు అన్ని దేశములలోను ఉన్నారు.

గణితమునుండియే పుట్టిన శాలువ ఒకటి ఆమె పేరును నిలిపినది. గుండ్రని శాలువను నడుమనుండి వెలుపలికి అల్లవలెనన్నచో ఉచ్చులను ఎక్కడెక్కడ పెంచవలెను? వ్యాసార్ధము రెట్టింపైనచో పరిధియు రెట్టింపగునని వృత్తముల పాఠము చెప్పుచున్నది. కావున నడుమనుండి దూరము రెట్టింపైనప్పుడెల్ల ఉచ్చులను ఒక్కసారి రెట్టింపు చేసిన చాలునని ఆమె గ్రహించెను. తొమ్మిది ఉచ్చులతో మొదలిడి, 18 చేసి మూడు చుట్లు. 36 చేసి ఆఱు చుట్లు. 72 చేసి పండ్రెండు. 144 చేసి ఇరువదినాలుగు. ఇట్లే 288, 576. రెట్టింపు చేయు చుట్టుకును, మఱల రెట్టింపు చేయు చుట్టుకును నడుమ లెక్కతో పని లేదు. మాటలాడుచు, ప్రయాణము చేయుచు, అల్లుకొనుచు పోవచ్చును. వృత్తగణితములోని 'పై' అను అక్షరమునే ఆ శాలువకు పేరుగా పెట్టిరి. 1974 లో వెలువడిన ఆమె పుస్తకమున నెలకొక అల్లిక చొప్పున పండ్రెండు నెలల పని కలదు. ఈ శాలువ జూలై నెలకు కేటాయింపబడినది.

1968 లో ఆమె కల్పించిన పసిబిడ్డ చొక్కా మఱింత విచిత్రము. దానిని మొదలునుండి తుదివఱకు ఒకే ముక్కగా అల్లుదురు. పూర్తియైన పిమ్మట చూచినచో అది వంకరలు తిరిగిన ఆకారము లేని పీలికవలె నుండును. మొదటిసారి అల్లినవారు తప్పు చేసితిమని భయపడుట సహజము. దానిని ఒక విధముగా మడచినంతనే మెడ, చేతులు, ముందరి తెఱపితో చక్కని చొక్కా కనబడును! భుజముల మీదుగా రెండు చిన్న కుట్లు వేసి, బొత్తాములు కుట్టిన చాలును.

ఇన్ని యుక్తులు పన్నియు, తానే వీనిని కనిపెట్టితినని ఎలిజబెత్ చెప్పుకొనలేదు. వేల చేతులు వందల యేండ్లు చేసిన పనిలో, తనకు తోచినది ఎవరికో ఎప్పుడో తోచియే యుండునని ఆమె నమ్మకము. భూమిలో పూడియున్న పాత్రను త్రవ్వితీసినవానిని కుమ్మరి యనము గదా. ఆమె తన్ను గూర్చి తలంచుకొనినదియు అట్టిదే. ఈ భావమునకు ఆంగ్లమున తగిన మాట లేకపోగా, తానే ఒక క్రొత్త మాటను కల్పించి వాడుకొనెను.

1960 తరువాతి దశాబ్దమున టెలివిజనులో ఆమె అల్లిక పాఠములు ప్రసారమయ్యెను. 1971 లో మొదటి పుస్తకము వెలువడెను. 1974 లో అల్లిక శిబిరము మొదలయ్యెను. దంపతులు బాబ్‌కాక్ అను గ్రామము చెంత పాతబడిన ఒక బడియిల్లు కొని నివాసముగా చేసికొనిరి. పిల్లల సందడి ఏనాడో ఆగిపోయిన ఆ బడిలో మఱల పాఠములు పుట్టినవి. ఆమె ప్రచురణసంస్థకును బడియింటి పేరే పెట్టిరి.

ఎలిజబెత్ 1999 నవంబరు 30 వ తేదీన మరణించెను. అప్పటి కామె వయస్సు 89 సంవత్సరములు. కుమార్తె మెగ్ స్వాన్సెన్ తల్లి పనిని కొనసాగించినది. 1958 మొదలు 1968 వఱకు వెలువడిన పాత కరపత్రములన్నియు 2005 లో ఒక గ్రంథముగా అచ్చయ్యెను. అందలి మొదటి కరపత్రము మెడచుట్టు రంగుల వలయములు గల ఆ స్వెట్టరును గూర్చినదే. పత్రిక ముక్కలు చేసిన ఆ స్వెట్టరు అందు ఆమె మొదట అల్లినట్లే, చుట్టును అల్లు విధముననే యున్నది.